కడప బండల విన్చికి కొత్త వార్మ్ జత: పని డైరీ

ఫిబ్రవరి చివరి వారం: విప్పి చూశాము

ఎర్రగుంట్ల దగ్గరి ఒక బండల ఫ్యాక్టరీ నుంచి విన్చి గేర్‌బాక్సు కడపలోని మా షాపుకు వచ్చింది. గనిలో తీసిన నల్ల బండలను కోత మిషను ట్రాలీ మీదికి ఎత్తి పెట్టే విన్చి అది. మూడు హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్సు ఆ వేగాన్ని నలభయ్యో వంతుకు దించి, తాడు చుట్టుకునే డ్రమ్మును నిమిషానికి 36 చుట్లు తిప్పుతుంది. ఇంత తగ్గింపు ఒకే మెట్టులో, ఇంత చిన్న పెట్టెలో రావాలంటే వార్మ్ గేరే దారి. వార్మ్ అంటే మర (త్రెడ్డు) చుట్టిన ఉక్కు షాఫ్టు, అది తిప్పే పళ్ళ చక్రం వార్మ్ వీలు. మామూలు పళ్ళ చక్రాలతో ఇదే పని చేయాలంటే రెండు మూడు జతలు పెట్టాలి, పెట్టె కూడా పెరుగుతుంది.

మూత తీయగానే నూనెలో పసుపు పచ్చటి పొడి తళతళలాడింది. అది వార్మ్ వీలు నుంచి అరిగి వచ్చిన కంచు. పళ్ళ కొన దగ్గర దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన చోట ఒకటి కూడా మిగల్లేదు. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. మోటారు వైపు ఆయిల్ సీలు పెదవి చిరిగిపోయి ఉంది. బండ కోసేటప్పుడు చిమ్మే నీళ్ళలో సున్నపురాతి పిండి ఉంటుంది. అది లోపలికి పోయి నూనెతో కలిసింది. ఇక గేర్లు నూనెలో తిరిగినట్టు కాదు, సాన పట్టే పేస్టులో తిరిగినట్టు.

ఫ్యాక్టరీ యజమాని ఫోను చేశారు. "అన్నా, కంచు చక్రం ఒక్కటి చేసి పంపండి చాలు. షాఫ్టు బాగానే ఉంది కదా, దాని ఖర్చు ఎందుకు?"

వార్మును చక్కులో పట్టి, త్రెడ్డు పక్క మీద గోరు అడ్డంగా నడిపాను. మధ్యలో ఒక చోట గోరు ఆగింది. పళ్ళు తాకే మేరకు ఉక్కు దిగిపోయి, రెండు వైపులా మెట్టు మిగిలింది. డయల్ గేజి పెడితే ఆ మెట్టు మిల్లీమీటరులో పదో వంతుకు పైనే ఉంది. దాని మీద కొత్త వీలు బిగిస్తే కొత్త పళ్ళన్నీ ఆ గుంట ఆకారానికి వచ్చేదాకా అరుగుతాయి, ఆ తర్వాత కూడా ఆగవు. యజమానికి అదే చెప్పాను. "జత మారుద్దాం, ఒక్కటి మార్చే పని అయితే నేను చేయను" అన్నాను. ఒక పూట ఆలోచించుకుని సరే అన్నారు.

కొలతలు తీసుకున్నాము. వార్మ్ మీద అరగని చివర నుంచి ఐదు అంతరాలు కొలిస్తే 78.5 మిల్లీమీటర్లు వచ్చింది. ఐదుతో భాగిస్తే 15.7. దాన్ని పై (π) విలువతో భాగిస్తే 5. అంటే మాడ్యూల్ (పంటి సైజు కొలత) 5. త్రెడ్డు ఒక్కటే, అంటే సింగిల్ స్టార్ట్. వీలుకు నలభై పళ్ళు. బాడీలో రెండు బోర్ల మధ్య దూరం 125. వీలు పిచ్ వ్యాసం (పళ్ళు కలిసే గీత దగ్గరి వ్యాసం) 200 కాబట్టి వార్ముకు మిగిలేది 50. రెండు వైపులా పైకి 5 కలిపితే వార్మ్ బయటి వ్యాసం 60, లోపలికి 6 తీస్తే అడుగు వ్యాసం 38. ఇన్ని అంకెలు ఒకదానితో ఒకటి సరిపోయాయంటే కొలత నమ్మవచ్చు.

మార్చి మొదటి వారం: ముందు హాబ్ దొరకాలి

పాలిటెక్నిక్ పూర్తి చేసి మా షాపులో పని నేర్చుకుంటున్న మేనల్లుడు అడిగాడు. "మామా, రెండింటికీ కొలతలు తెలుసు కదా. వార్మ్ ఒక చోట, వీలు ఒక చోట చేయించి బిగిస్తే సరిపోదా?"

స్పర్ గేర్లయితే, అంటే మామూలు పళ్ళ చక్రాలయితే సరిపోతుంది. ఒకే మాడ్యూల్, ఒకే ప్రెజర్ యాంగిల్ (పంటి పక్క వాలు) ఉంటే ఎవరు చేసిన గేరు అయినా ఇంకొకరి గేరుతో కలుస్తుంది. వార్మ్ వీలు అలా కాదు. దాని పళ్ళు మధ్యలో లోతుగా ఉండి, వార్మును కొంత మేర చుట్టుకుని ఉంటాయి. ఆ పల్లపు ఆకారం హాబ్ అనే కట్టర్ నుంచి వస్తుంది. హాబ్ అంటే పళ్ళు కోసిన మరో వార్మే: అదే లీడు (ఒక చుట్టుకు త్రెడ్డు ముందుకు సాగే దూరం), అదే పక్కల వాలు, దాదాపు అదే వ్యాసం. హాబ్ ఆకారం కంచులో అచ్చుపడుతుంది. తర్వాత ఆ హాబ్ ఉన్న చోటికి మన వార్మ్ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి వార్మ్ ఎంత బాగా చేసినా అది హాబుకు సరితూగకపోతే వృథా. అందుకే డ్రాయింగు గీసే ముందు హాబ్ వెతకాలి.

బెంగళూరులో మాడ్యూల్ 5, సింగిల్ స్టార్ట్, పిచ్ వ్యాసం 51 ఉన్న హాబ్ దొరికింది. వార్మ్ 50, హాబ్ 51. ఈ ఒక మిల్లీమీటరు తేడా కావాలనే ఉంచుతారు. హాబ్ కాస్త పెద్దదైతే పంటి పల్లం వార్మ్ కంటే కొంచెం విశాలంగా వస్తుంది. అప్పుడు పంటి రెండు చివర్లు వార్మును ఒరుసుకోవు, నూనె లోపలికి వెళ్ళడానికి సందు ఉంటుంది. సాన పట్టిన కొద్దీ హాబ్ వ్యాసం తగ్గుతుంది కాబట్టి ఆ తరుగుకు కూడా చోటు ఉన్నట్టే. హాబ్ వార్మ్ కంటే చిన్నదైతే మాత్రం పంటి అంచులే వార్మును కొరుకుతాయి. అలాంటి హాబ్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

హాబుతో పాటు దాని ప్రొఫైల్ డ్రాయింగు అడిగి తీసుకున్నాను. వార్మ్ త్రెడ్డు పక్కలు చూడటానికి తిన్నగా కనిపిస్తాయి కానీ ఎలా కోశారన్న దాన్ని బట్టి రకాలున్నాయి. లేతు మీద టూలును షాఫ్టు అక్షానికి సమంగా పెట్టి కోస్తే ఆ అడ్డుకోతలో పక్కలు తిన్నగా వస్తాయి. అది జెడ్‌ఏ. టూలును త్రెడ్డు వాలుకు వంచి కోస్తే జెడ్‌ఎన్. వాలు పక్కల గ్రైండింగ్ వీలుతో సాన పడితే జెడ్‌కే. ఇన్వల్యూట్ అనే వంపు పక్కలతో చేస్తే జెడ్‌ఐ. లీడు కోణం (త్రెడ్డు వాలు) చిన్నదైతే వీటి మధ్య తేడాలు సూక్ష్మమే. అయినా బరువు మోసేది ఆ సూక్ష్మంలోనే. మా హాబ్ జెడ్‌కే రకం. వార్మ్ గ్రైండింగ్ చేసే వారికి అదే డ్రాయింగు ఇవ్వాలని రాసి పెట్టుకున్నాము.

వార్ముకు ఈఎన్ 353 ఉక్కు, వీలు రింగుకు ఫాస్ఫర్ బ్రాంజ్ అనే కంచు నిర్ణయించాము. వార్మ్ గేరులో పళ్ళు దొర్లవు, పక్కకు జారుతాయి. మా లెక్క ప్రకారం ఆ జారుడు వేగం సెకనుకు దాదాపు 3.8 మీటర్లు. ఉక్కు మీద ఉక్కు అంత వేగంతో జారితే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. కంచు, ఉక్కు వేర్వేరు స్వభావాలు కాబట్టి అతుక్కోవు. పైగా వీలులో ఒక్కొక్క పన్ను ఒకసారి బరువు మోసే లోపు వార్మ్ త్రెడ్డు నలభై సార్లు మోస్తుంది. గట్టిదనం వార్ముకు కావాలి, సర్దుకుపోయే గుణం వీలుకు కావాలి.

యజమానితో మాట్లాడవలసిన విషయం ఇంకొకటి ఉంది. పాత మోటారుకు బ్రేకు లేదు. "వార్మ్ గేరు వెనక్కి తిరగదు కదా అన్నా" అన్నది ఆయన మాట. చాలామంది అదే నమ్మకంతో ఉన్నారు. మన వార్మ్ లీడు కోణం 5 డిగ్రీల 43 నిమిషాలు. బరువు కదలకుండా వేలాడుతున్నప్పుడు రాపిడి దాన్ని పట్టుకోవచ్చు. కానీ నూనె బాగా పట్టి, పక్కన కోత మిషను అదురు తోడైతే రాపిడి పడిపోతుంది, బరువు నెమ్మదిగా జారడం మొదలవుతుంది. ఒకసారి జారడం మొదలయ్యాక రాపిడి ఇంకా తగ్గుతుంది. కింద మనుషులు నిలబడే చోట గేరును బ్రేకుగా లెక్కవేయకూడదు. బ్రేకు మోటారు పెడితేనే గేర్‌బాక్సు బిగిస్తానని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

మార్చి మూడో వారం: లేతు మీద వార్మ్

65 మిల్లీమీటర్ల కడ్డీ కోసి, రెండు చివర్లా సెంటర్లు వేశాము. ఈ రెండు సెంటర్ గుంటలే వార్మ్ జీవితమంతటికీ ఆధారం. టర్నింగు, త్రెడ్డు, హార్డెనింగ్ (పైపొర గట్టిపరచడం) తర్వాత గ్రైండింగు, అన్నీ వాటి మీదే జరగాలి. ఒక్కసారి చక్కులో పట్టి కానిచ్చేస్తే ఆ తర్వాత బేరింగు సీట్లు ఒక దారి, త్రెడ్డు ఒక దారి అవుతాయి. బేరింగు సీట్లు 35 మిల్లీమీటర్లు, 30207 టేపర్ రోలర్ బేరింగులు రెండు. వార్మును పక్కకు తోసే బలం పూర్తి మోటారు శక్తి దగ్గర 430 కిలోల బరువంత వస్తుంది. మామూలు బాల్ బేరింగులు పెట్టే చోటు కాదిది.

త్రెడ్డు పొడవు 95. సూత్రం ప్రకారం 67 చాలు కానీ గ్రైండింగు వీలు లోపలికి వచ్చి బయటికి పోవడానికి అదనంగా చోటు వదలాలి.

అసలు ఆలోచన గేర్ ట్రెయిన్ దగ్గర, అంటే లేతు స్పిండిల్‌ను లీడ్ స్క్రూకు కలిపే గేర్ల వరుస దగ్గర వచ్చింది. కావలసిన లీడు ఐదు పైలు, అంటే 15.708. టూలును ముందుకు నడిపే మా లేతు లీడ్ స్క్రూ పిచ్ 6. నిష్పత్తి 2.61799. పై విలువను 22/7 అనుకుంటే 55/21 వస్తుంది. అందరూ వేసేది అదే. ఆ లెక్కతో ఒక్కో చుట్టుకు 0.006 మిల్లీమీటరు ఎక్కువ నడుస్తుంది. ఆరు చుట్లకు దాదాపు 0.04. చూడటానికి చిన్నదే కానీ గ్రైండింగుకు ఒక్కో పక్క వదిలేదే 0.3. అందులో ఎనిమిదో వంతుకు పైగా లీడు తప్పుకే పోతుంది. ఒక పక్క గట్టి పొర ఎక్కువ తెగుతుంది, ఇంకో పక్క తక్కువ.

మేనల్లుడు కాగితం తీసుకుని షాపులో ఉన్న ఛేంజ్ గేర్లతో (ఆ వరుసలో మార్చి వేసుకునే గేర్లతో) కూర్చున్నాడు. అన్నీ ఐదుల వరుసలో పళ్ళున్నవే. చివరికి తేల్చిన లెక్క ఇది: 45, 80 తిప్పే గేర్లు, 25, 55 తిరిగే గేర్లు. గుణించి భాగిస్తే 144/55, అంటే 2.61818. లీడు 15.709. చుట్టుకు తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొంచెం ఎక్కువ, అంతే. కొత్త గేరు ఒక్కటి కూడా కొనలేదు. షాపు గోడ మీద మాడ్యూల్ పట్టిక పక్కన ఈ నాలుగు అంకెలు సుద్దతో రాయించాను. 6 మిల్లీమీటర్ల లీడ్ స్క్రూ ఉన్న ఎవరికైనా మాడ్యూల్ 5 వార్ముకు ఇవే పనికొస్తాయి.

లేతు వేగం తగ్గించే బ్యాక్ గేరు వేసి నిమిషానికి 25 చుట్లు. ఆ వేగంలో కూడా టూలు మోసే క్యారేజి సెకనుకు ఆరున్నర మిల్లీమీటర్లు పరుగెడుతుంది. కాబట్టి చివర టూలు వెనక్కి లాగే చెయ్యి సిద్ధంగా ఉండాలి. లీడ్ స్క్రూ పిచ్ ఈ లీడుకు పూర్తి గుణిజం కాదు. క్యారేజిని లీడ్ స్క్రూకు పట్టించే హాఫ్ నట్ ఒకసారి తెరిస్తే మళ్ళీ అదే గాడిలో పడదు. కోత మొదలైన దగ్గర నుంచి చివరిదాకా హాఫ్ నట్ మూసే ఉంచి, మోటారు తిరగేసి క్యారేజిని వెనక్కి తెచ్చుకున్నాము.

టూలు హైస్పీడ్ స్టీలు. కొన వెడల్పు అడుగున 3.5 రావాలి. గ్రైండింగుకు వదలాలి కాబట్టి 3 కన్నా తక్కువ పెట్టాము. పక్కల క్లియరెన్సు అన్ని చోట్లా ఒకటి కాదు. త్రెడ్డు వాలు పైన 4.8 డిగ్రీలు ఉంటే అడుగున ఏడున్నర. అడుగు కోణం లెక్కలోకి తీసుకుని, దానికి మరో మూడు డిగ్రీలు కలిపి, ముందుకు పోయే పక్కను పదిన్నర డిగ్రీలకు సాన పట్టాము. అది చూసుకోకపోతే టూలు మడమ త్రెడ్డును రుద్దుతుంది, పక్కలు చిరిగినట్టు వస్తాయి.

మొదట సన్న టూలుతో నిట్టనిలువుగా పదకొండు మిల్లీమీటర్ల లోతు గాడి తీశాము. ఆ తర్వాత ఒక పక్క, తర్వాత రెండో పక్క. రెండు పక్కలూ ఒకేసారి కోయబోతే టూలు మీద బరువు పెరిగి షాఫ్టు అరుస్తుంది. మా టర్నర్ పెద్దాయన ఆ శబ్దం మొదలు కాకముందే, చిప్ రంగు చూసి లోతు తగ్గిస్తారు. గేర్ టూత్ వెర్నియర్‌ను 5 మిల్లీమీటర్ల ఎత్తుకు పెట్టి మందం చూశాము: చివరికి రావలసింది 7.8, ఇప్పుడు 8.4.

త్రెడ్డు మొదలయ్యే చోట, ముగిసే చోట పలచటి రేకులా ఒక అంచు మిగులుతుంది. దాన్ని పూర్తి మందం వచ్చేదాకా తీసేయాలి. వదిలేస్తే హార్డెనింగ్‌లో అది పగులుతుంది, తర్వాత ఎప్పుడో విరిగి కంచు పళ్ళ మధ్య పడుతుంది. ఆ పని ఆకురాయితో మేనల్లుడి చేత చేయించాను.

ఉగాది వారం

షాపు మూశాము. కడపలో ఉగాది అంటే దేవుని కడప. ముస్లింలు కూడా కొబ్బరికాయలతో వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు, బీబీ నాంచారమ్మ పుట్టింటి వరుస అని. మా టర్నర్ పెద్దాయన కూడా కుటుంబంతో వెళ్ళి వచ్చి ప్రసాదం పంపారు.

ఏప్రిల్ మొదటి వారం: పీణ్యాలో హార్డెనింగ్, గ్రైండింగ్

త్రెడ్డు గ్రైండింగు మిషను మా దగ్గర లేదు. వార్మును బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడకు తీసుకెళ్ళాము. బేరింగు సీట్ల చివర మరలకు, కీ వేకు కార్బన్ పట్టని పూత పూశారు. దాదాపు 920 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కార్బన్ వాయువులో ఉంచి, నూనెలో ముంచి చల్లార్చి, తర్వాత 170 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడి చేసి టెంపరింగ్ చేశారు. నేను అడిగిన గట్టి పొర లోతు 1.2 మిల్లీమీటర్లు. అందులో 0.3 గ్రైండింగులో పోగా 0.9 మిగలాలి. పైపొర గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 60 వచ్చింది. లోపలి గర్భం మెత్తగానే ఉంటుంది. తాడు ఒక్కసారిగా బిగిసినప్పుడు షాఫ్టు విరగకుండా కాపాడేది ఆ మెత్తదనమే.

ఇంత వేడికి వెళ్ళి వచ్చిన షాఫ్టు వంగకుండా ఉండదు. సెంటర్ల మీద తిప్పి చూస్తే మధ్యలో 0.12 ఊగింది. ప్రెస్సు కింద నిదానంగా సరిచేసి, సెంటర్ గుంటలను మళ్ళీ లాపింగ్ చేసి నునుపు చేశారు. గుంటల్లో పేరుకున్న పొలుసు తీయకుండా గ్రైండింగుకు ఎక్కిస్తే ఆ తప్పంతా త్రెడ్డులోకి దిగుతుంది.

గ్రైండింగు వీలును మా హాబ్ డ్రాయింగు ప్రకారం డ్రెస్సింగ్ చేసి (ఆ ఆకారానికి దిద్ది), వాలుకు వంచి పెట్టారు. చివరి కోతల్లో తీసింది మిల్లీమీటరులో నూరో వంతు, అంతకన్నా తక్కువ. ఆశపడి ఎక్కువ తీస్తే ఉక్కు మాడి, ఆ మచ్చ దగ్గర గట్టిదనం పోతుంది. బయటికి వచ్చిన వార్మును ట్యూబ్‌లైటు కింద తిప్పి చూశాను. వెలుగు గీత త్రెడ్డు పొడవునా తెగకుండా నడిచింది. ఈ నునుపు అందం కోసం కాదు. వార్మ్ మీద మిగిలిన ప్రతి గరుకు గీతా కంచును ఆకురాయిలా రాస్తుంది.

ఏప్రిల్ మధ్య: కంచు రింగు

మొదట ఒక ఫౌండ్రీలో ఇసుక అచ్చులో పోసిన రింగు తెప్పించాము. పైపొర తీయగానే గుండుసూది మొనంత రంధ్రాలు బయటపడ్డాయి. ఇంకో మిల్లీమీటరు తీస్తే మరికొన్ని. పంటి అడుగున అలాంటి రంధ్రం ఒక్కటి ఉంటే చాలు, పన్ను అక్కడ నుంచే విరుగుతుంది. రింగు వెనక్కి పంపించాము.

రెండోసారి సెంట్రిఫ్యూగల్ పోత అడిగాము. గిరగిర తిరిగే లోహపు అచ్చులో కరిగిన కంచు పోస్తారు. బరువైన లోహం బయటికి నెట్టుకుపోయి గట్టిగా అదుముకుంటుంది. తేలికైన మలినాలు, గాలి బుడగలు లోపలి అంచుకు చేరతాయి, ఆ అంచును మనం బోరులో తీసేస్తాము. పళ్ళు వచ్చేది బయటి వైపు కాబట్టి మంచి లోహమంతా అక్కడే ఉంటుంది. తగరం 10 నుంచి 12 శాతం ఉండాలని రాతపూర్వకంగా అడిగాను. తగరం ఖరీదు ఎక్కువ, తగ్గించి పోస్తే రంగులో తేడా తెలియదు, అరుగుదలలో తెలుస్తుంది. పొడవాటి గొట్టంగా వచ్చింది కాబట్టి రెండు రింగులు కోసుకున్నాము. ఒక్కొక్కటి ఏడున్నర కిలోలు.

చక్రమంతా కంచుతో చేయనక్కర లేదు. మధ్య భాగం పోత ఇనుము, దాని మీద కంచు రింగు. పాత వీలు ఇనుప భాగం బాగానే ఉంది కాబట్టి అరిగిన రింగు తీసేసి సీటు సాపు చేశాము. సీటు వ్యాసం 168. రింగు బోరును దాని కంటే 0.10 తక్కువ ఉంచాము. కంచు ఒక్కో డిగ్రీ వేడికి ఈ వ్యాసం దగ్గర 0.003 మిల్లీమీటరు సాగుతుంది. షాపులో 35 డిగ్రీలు, రింగును నూనెలో 150కి వేడి చేస్తే దాదాపు 0.35 పెద్దదవుతుంది. 0.10 బిగుతు పోగా పావు మిల్లీమీటరు సందు. ఇద్దరం పటకారుతో పట్టి వదలగానే రింగు దానంతటదే కిందికి దిగి కూర్చుంది. సుత్తి ముట్టలేదు.

బిగుతు మీదే ఆధారపడకుండా అతుకు గీత మీద మరలు కూడా వేశాము, సగం కంచులో, సగం ఇనుములో. డ్రిల్లు ఎప్పుడూ మెత్తని వైపు జారుతుంది. అందుకే పంచ్ గుర్తును గీత మీద కాకుండా ఇనుము వైపు ఒకటిన్నర మిల్లీమీటరు జరిపి పెట్టాము.

ఏప్రిల్ చివర: హాబింగ్

మా హాబింగ్ మిషను పాతది, కానీ నమ్మదగినది. దాని బల్లను తిప్పేది కూడా లోపల ఉన్న ఒక వార్మ్, వార్మ్ వీలే. మనం కోసే పళ్ళ సమానత్వం ఆ లోపలి వీలు సమానత్వాన్ని దాటదు. ఈ పని వచ్చినప్పుడల్లా నాకు జెస్సీ రామ్స్‌డెన్ గుర్తుకు వస్తాడు. ఇంగ్లండులో కొలత పరికరాల మీద డిగ్రీల గీతలు గీయడానికి ఆయన ఒక యంత్రం కట్టాడు. 45 అంగుళాల చక్రం, అంచున 2160 పళ్ళు, వాటిని తిప్పే ఒక వార్మ్. వార్మ్ ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా పది నిమిషాల కోణం కదులుతుంది. ఆ యంత్రం వివరాలు 1777లో అచ్చయ్యాయి. ఓడల్లో దారి చూపిన సెక్స్టాంట్ల గీతలు అలాంటి చక్రం మీద నుంచే వచ్చాయి.

రింగును మిషను బల్ల మీద పెట్టి, డయల్ గేజితో 0.02 లోపు తిరిగేలా సర్దాము. హాబ్ 51 కాబట్టి కోసేటప్పుడు చివరి సెంటర్ దూరం 125 కాదు, 125.5. ఈ అర మిల్లీమీటరు మరిచిపోతే పళ్ళు మందం తగ్గిపోతాయి. హాబ్ లీడు కోణం కూడా వార్మ్ కంటే దాదాపు ఏడు నిమిషాలు తక్కువ, ఆ మేరకు హాబ్ తలను వంచాము. ఇక ఎత్తు. హాబ్ అక్షం రింగు మందం సరిగ్గా మధ్యలోకి రావాలి. పైకో కిందికో పోతే పల్లం పంటికి ఒక పక్కకు ఒరుగుతుంది.

హాబ్ నిమిషానికి 150 చుట్లు. హాబ్ నలభై చుట్లు తిరిగితే రింగు ఒక చుట్టు. రింగు చుట్టుకు పదో వంతు మిల్లీమీటరు చొప్పున హాబ్ లోపలికి నడిచింది. మొదట అంచు మీద సన్నటి గీతలు పడ్డాయి. మేనల్లుడు మిషను ఆపి లెక్కపెట్టాడు: నలభై. లెక్క సరిపోయాకే ముందుకు వెళ్ళనిచ్చాను. గీతలు గాళ్ళయ్యాయి, గాళ్ళు పళ్ళయ్యాయి. పొట్టి పొట్టి కంచు తునకలు ట్రేలో రాలాయి. పదకొండు మిల్లీమీటర్ల లోతుకు అరగంట పట్టింది. లోతు అందాక ఫీడు ఆపి, రింగును ఇంకా కొన్ని చుట్లు అలాగే తిరగనిచ్చాము. ఆ ఖాళీ చుట్లలో పంటి పక్కలు నునుపు తేలతాయి.

అదే సెట్టింగులో రెండో రింగును కూడా కోసేశాము.

మే రెండో వారం: నీలం రంగు చెప్పేది

బాడీలో జత కూర్చిన తర్వాత వార్మ్ త్రెడ్డు మీద మార్కింగ్ బ్లూ పలచగా పూసి, చేత్తో తిప్పాము. వీలు పళ్ళ మీద నీలం ఎక్కడ అంటిందో చూడాలి. మొదటిసారి మచ్చ వార్మ్ పంటిలోకి వచ్చే వైపు అంటింది. అలా వదిలేస్తే వార్మ్ తనతో తెచ్చే నూనెను ఆ అంచే తుడిచేస్తుంది. వీలు షాఫ్టు బేరింగు కింద 0.15 షిమ్ (పలచటి రేకు) ఒక వైపు తీసి రెండో వైపు వేశాము. మచ్చ మధ్య దాటి, వార్మ్ బయటికి పోయే వైపుకు కొంచెం జరిగింది. కావలసింది అదే. లోపలికి వచ్చే వైపు సన్నటి సందు, ఆ సందులోంచి నూనె పొర లోపలికి లాగబడుతుంది. మచ్చ పంటి పక్కలో మూడో వంతుకు పైగా ఉంది. బరువు పడి నాలుగు రోజులు తిరిగాక ఇంకా పరుచుకుంటుంది. ఉక్కుతో ఇలా జరగదు, కంచు మాత్రమే వార్మ్ ఆకారాన్ని మెల్లగా నేర్చుకుంటుంది.

వార్మును కదలకుండా పట్టి, వీలు అంచున డయల్ గేజి పెట్టి ఊపితే 0.20 ఆట (పళ్ళ మధ్య వదులు) వచ్చింది. వేడికి కంచు సాగుతుంది కాబట్టి ఈ ఆట ఉండాలి. వీలు నాలుగు వైపులా కొలిచినా 0.18 నుంచి 0.22 లోపే ఉంది.

నూనె విషయంలో ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర ఉన్న మామూలు గేర్ ఆయిలు వద్దన్నాను. కొన్ని ఈపీ (ఎక్కువ ఒత్తిడికి తయారుచేసిన) నూనెల్లో చురుకైన గంధకం ఉంటుంది, వేడెక్కితే అది కంచును తింటుంది. వార్మ్ గేర్లకని చెప్పి అమ్మే వీజీ 460 మినరల్ నూనె పోశాము. కడప ఎండకు, ఈ జారుడుకు అంత చిక్కదనం కావాలి. ఈ జత సామర్థ్యం 70 శాతానికి కాస్త పైన. మోటారు పూర్తి బరువు లాగుతున్నప్పుడు 600 వాట్లకు పైగా వేడిగా మారుతుంది. ఒక ఇస్త్రీ పెట్టెను నూనెలో ముంచి ఉంచినట్టే. అందుకే బాడీ మీది రెక్కల మధ్య ఎండిపోయిన రాతి బురదంతా గీకి శుభ్రం చేయించాను. అది ఉంటే వేడి బయటికి పోదు.

మే చివర: ఎర్రగుంట్లలో బరువు పరీక్ష

బరువు లేకుండా ఒక పూట, తర్వాత పావు బరువు, తర్వాత సగం. కొత్త జతకు మొదటి రోజే పూర్తి బరువు వేయకూడదు. ఆ తర్వాత నూనె మార్చాము. పాత నూనెలో కంచు పొడి కనిపించింది కానీ చాలా కొద్దిగా, తెల్ల గుడ్డ మీద వడగడితే పసుపు ఛాయ మాత్రమే. ఆ మాత్రం ఉండాలి, పళ్ళు సర్దుకుంటున్నాయని గుర్తు. 200 గంటల తర్వాత మళ్ళీ మార్చాలని గేర్‌బాక్సు మీదే పెయింటుతో రాశాము.

విన్చి ఎత్తాల్సింది అర టన్ను. దానికి నాలుగో వంతు కలిపి 625 కిలోల బండలు కట్టి, రెండు వరుసల తాడుతో ఎత్తాము. కడప బండ ఘనపు అడుగు 75 కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి ఆ బరువు పెద్ద గుట్టేమీ కాదు. సగం ఎత్తులో ఆపి, కోత మిషను నడుపుతూ అలాగే వేలాడదీశాము. బ్రేకు పట్టి ఉండగా కదల్లేదు. తర్వాత కింద ఎవరూ లేకుండా చూసి, బరువును నేల మీద నుంచి జానెడు ఎత్తులోకి దించి, బ్రేకు చేత్తో విడిచాము. కొద్దిసేపు నిలిచింది. పక్కన మిషను ఒక బండను కోతకు అందుకోగానే డ్రమ్ము మెల్లగా వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. యజమాని దగ్గర నిలబడి చూశారు. రెండో విన్చికి కూడా బ్రేకు మోటారు తెప్పిస్తానని అక్కడే చెప్పారు.

రెండు గంటలు ఆపి ఆపి నడిపాక బాడీ మీద 78 డిగ్రీలు, బయట గాలి 42. ఇది భరించదగిన వేడే.

మిగిలిన పని రెండు. ఆయిల్ సీలు ముందు ఒక రేకు కప్పు, షాఫ్టుతో పాటు తిరుగుతూ నీళ్ళను విసిరేసే ఒక రింగు చేసి బిగించాలి, లేకపోతే ఈ సీలు కూడా పాతదాని దారే పడుతుంది. డ్రాయింగు గీసి టర్నర్ పెద్దాయనకు ఇచ్చాను. రెండో కంచు రింగు మీద హాబ్ నంబరు, వార్మ్ నంబరు పంచ్ కొట్టి, గ్రీజు పూసి ఫ్యాక్టరీ స్టోరులో పెట్టించాను. వార్మ్ మీద మెట్టు పడనంత కాలం ఆ రింగు దానికి సరిపోతుంది. మార్చే ముందు గోరుతో త్రెడ్డు పక్క చూసుకోవాలని అక్కడి ఫిట్టరుకు చేసి చూపించి వచ్చాను.